వంద కోట్ల ఏడు: ప్రత్యేకమైన సంఖ్యా, వట్టి అలవాటా?

అమీర్‌పేట కుర్రోడు:
అన్నలూ, ఒక డౌటు. కోచింగ్‌ల ఏ కోడింగ్ లెక్క ఇచ్చినా చివర్ల "జవాబును 1000000007తోని భాగించి శేషం చెప్పు" అంటరు. ఎందుకని అడిగితే "అది ప్రైమ్, రాస్కో" అన్నరు. గుండ్రంగ వంద కోట్లే పెట్టుకుంటే ఏం పోతది? చివరి తొమ్మిదంకెలు చూస్తే అయిపాయె గదా.

కోఠి లెక్కల సార్:
చాలా పోతుంది నాయనా. 40 ఫాక్టోరియల్ తీసుకో, అంటే 1 నుంచి 40 దాకా అన్నీ గుణించిన లబ్ధం. 40 దాకా అయిదు గుణిజాలు ఎనిమిది, 25లో ఇంకో అయిదు. మొత్తం తొమ్మిది అయిదులు. రెండ్లకు కరువే లేదు. అంటే చివర తొమ్మిది సున్నాలు, వంద కోట్లతో శేషం సున్నా. ఆపైన ఏ ఫాక్టోరియల్ అడిగినా సున్నాయే. ప్రోగ్రాం రాయనివాడు కూడా "0" ప్రింట్ చేసి మార్కులు కొట్టేస్తాడు! పైగా వంద కోట్ల మాడ్‌లో, అంటే వంద కోట్లతో శేషాల లెక్కలో, 2తో భాగించలేవు, దానికి విలోమం లేదు: 2ని దేనితో గుణించినా శేషం 1 రాదు. 1000000007 దగ్గర ఉంది: 500000004. రెండూ గుణిస్తే 1000000008, శేషం 1.

మాడ్యులో మియా:
సార్, మీరు పొగిడింది ప్రైమ్‌లని, ఈ నంబర్‌ని కాదు. 1000000009 కూడా ప్రైమే, రెండే తేడా గనక దీని కవల. వంద కోట్ల ఒకటి 1001తో పోతుంది, మూడు 23తో పోతుంది, అయిదు సంగతి చూస్తేనే తెలుస్తుంది. ఏడు దగ్గర ఆగారు, అంతే. పదంకెల్లో మొదటి ప్రైమ్, గుర్తుంటుంది. రెండు శేషాలు కూడితే 2147483647 దాటదు, ఇంట్‌లో (32 బిట్ల పూర్ణసంఖ్య, దాని గరిష్ఠం అదే) పడుతుంది. ఆ సౌకర్యం కవలకీ ఉందిగా?

కోఠి లెక్కల సార్:
సొంత గుణం లేదంటే ఒప్పుకోను మియా. ఒకటి తీసేసి చూడు: 1000000006 అంటే 2 × 500000003. ఆ రెండోదీ ప్రధాన సంఖ్యే. కాబట్టి ఈ మాడ్‌లో సున్నా కాని ఏ సంఖ్య ఘాతాలు తీసినా, మొదటిసారి 1 వచ్చేది 1, 2, 500000003, 1000000006 ఈ నాలుగు ఘాతాల్లో ఒకదాని దగ్గరే. నీ కవలకి ఆ యోగం లేదు. 1000000008 ఎనిమిదితోనూ పోతుంది, తొమ్మిదితోనూ పోతుంది.

మాడ్యులో మియా:
ఆ గుణమే దాని కొంప ముంచింది సార్! నంబర్ థియరిటిక్ ట్రాన్స్‌ఫార్మ్ అనే వేగమైన పద్ధతితో పెద్ద పాలినోమియల్స్ (బహుపదులు) గుణించాలంటే, ఒకటి తీసేశాక మిగిలినదాంట్లో రెండ్లు బోలెడు ఉండాలి. ఇందులో ఒక్కటే. అందుకే 998244353 వాడతారు. ఒకటి తీసేస్తే 119 × 2²³. పని చూసి ఎంచుకున్న నంబర్ అంటే అదీ. మీది వరుసలో ముందు నిలబడింది గనక దొరికింది.

అమీర్‌పేట కుర్రోడు:
మరి ఇంటర్వ్యూల "వేరే ప్రైమ్ పెట్టొచ్చా" అంటే ఏమనాలె?

కోఠి లెక్కల సార్:
పెట్టొచ్చనే చెప్పు. 998244353 పెట్టినా 2కి విలోమం దొరుకుతుంది, 499122177. వంద కోట్లు మాత్రం పెట్టనని చెప్పి, 40 ఫాక్టోరియల్ చూపించు.

మాడ్యులో మియా:
దీనికి ఒప్పుకుంటా. 1000000006 గొప్పదనానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు సార్.