“సమాధానము దయచేయుము”: ఏ ప్రశ్నకు?

ప్రశ్న

నమస్కారం. కిందటి ఆదివారం మా పక్క ఊరి చర్చిలో, సరిహద్దులో ప్రాణాలు కోల్పోయిన ఒక జవాను కోసం పెట్టిన ఆదరణ కూడికకు వెళ్లాను. నేను క్రైస్తవుణ్ణి కాను. ఆ అబ్బాయి నా దగ్గర చదువుకున్నాడు. ప్రార్థన చివర పాస్టరు గారు “ఈ ఇంటికి, మా దేశానికి, సరిహద్దు అవతలివారికి కూడా సమాధానము దయచేయుము” అన్నారు. సమాధానమంటే జవాబు కదా, ఏ ప్రశ్నకు అడుగుతున్నారా అనుకున్నాను. “ప్రాణము పెట్టువాని కంటె” అనే వాక్యం కూడా చదివారు. ఈ రెండు మాటల సంగతి తెలిసినవారు చెబుతారా?

జవాబు

మాస్టారూ, మీరు విన్న సమాధానం శాంతి అనే అర్థంలోదే. చర్చిలో పెరిగినవాళ్లకు ఇది ఉగ్గుపాలతో వచ్చిన మాట. క్రిస్మస్ రాత్రి దూతల స్తోత్రంలో “భూమిమీద సమాధానము” ఉంది. యెషయా ప్రవక్త రాబోయే రాజును “సమాధానకర్తయగు అధిపతి” అన్నాడు. తెలుగు బైబిల్లో శాంతి లేకపోలేదు. “శాంతి మీ కనుగ్రహించి వెళ్లుచున్నాను” అని యోహాను 14:27లో ఉంది. అయినా మా ప్రార్థనల్లో నాలుకకు ముందు వచ్చేది సమాధానమే.

చర్చి బయట కూడా ఈ అర్థం పూర్తిగా పోలేదు. గట్టు తగాదా పడిన అన్నదమ్ములు చివరికి సమాధానపడ్డారంటాం. ఎంత చెప్పినా మనసు సమాధానపడలేదంటాం. శాంతికి ధాతువు శమ్: అణగడం, చల్లారడం. తుపాకులు ఆగితే శాంతి వచ్చిందనవచ్చు. సమాధానం సమ్, ఆ అనే ఉపసర్గలు చేరిన ధా ధాతువు నుంచి వచ్చింది: చెదిరినవాటిని ఒకచోట చేర్చి పెట్టడం. సందేహంతో చెదిరిన బుద్ధిని కుదుటపరుస్తుంది కాబట్టి జవాబుకూ ఆ పేరు దక్కింది. పాత నిబంధన మూలభాష హీబ్రూలో ఈ సమాధానానికి ఉన్న మాట షాలోమ్. అందులో ఉన్నదీ ఏ లోటూ లేని నిండుతనమే. అందుకే 122వ కీర్తనలో అదే షాలోమ్‌ను “యెరూషలేముయొక్క క్షేమము” అని తెలిగించారు.

సంధి, సమాధి కూడా ధా బిడ్డలే. యుద్ధాన్ని ముగించే సంధి, జవాను నిద్రించే సమాధి, అతని తల్లి కోసం అడిగే సమాధానం, మూడింటికీ ధాతువు ఒక్కటే. ఇది తెలిసిన రాత్రి చాలాసేపు నిఘంటువు మూయలేకపోయాను.

ఇక రెండో మాట. “తన స్నేహితులకొరకు తన ప్రాణము పెట్టువానికంటె ఎక్కువైన ప్రేమగలవాడెవడును లేడు” (యోహాను 15:13). వాడుకలో ప్రాణం పెట్టి పనిచేశాడంటే మనసంతా పెట్టి చేశాడని అర్థం. చనిపోయినవారిని ప్రాణాలర్పించారు, అమరులయ్యారు అంటాయి పత్రికలు. అనువాదకులు ఎందుకు పెట్టు అన్నారు? గ్రీకు మూలంలో ఉన్న క్రియ తిథేమి. ఉంచడం, పెట్టడం అని అర్థం. మంచి కాపరి గొఱ్ఱెల కోసం “ప్రాణము పెట్టును” అన్నచోటా అదే. భాషా శాస్త్రం ప్రకారం తిథేమి, సంస్కృత ధా ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు. అంటే మీరు విన్న ఆ రెండు మాటలూ దూరపు చుట్టాలు! పైగా తెలుగులో పెట్టు అనగానే అన్నం పెట్టే చెయ్యి గుర్తొస్తుంది. ఆకలిగా ఉన్నవాడి ముందు విస్తట్లో వడ్డించినట్లు ప్రాణాన్ని ముందు పెట్టడం. అర్పించుటలో ఈ చనువు లేదు.

మరో సభ్యురాలు

మా నాన్న సైన్యంలో పనిచేశారు. అర్థాలు బాగున్నాయి గానీ, జవాను కూడికలో అవతలివారికి కూడా అని ప్రార్థిస్తే ఆ తల్లికి ఎలా ఉంటుంది? అదీగాక సైనికుడు ప్రాణం తీస్తాడు కూడా. ఆ వాక్యం అతనికి చెల్లుతుందా?

జవాబు

అమ్మా, రెండూ అడగవలసినవే. ఆ వాక్యం యేసు తన మరణానికి ముందు రాత్రి, తన సంగతిగా చెప్పినది. యుద్ధాన్ని పొగడటానికి దాన్ని వాడితే నేను ఒప్పుకోను. అందులో పెట్టడమే ఉంది, తీయడం లేదు. మనం గౌరవించేది కూడా ఆ పెట్టడాన్నే. నాగాలాండ్‌కు చెందిన కెప్టెన్ కెంగురుసేను తలుచుకోండి. కార్గిల్ యుద్ధంలో, 1999 జూన్ 28న ద్రాస్‌లో, 16,000 అడుగుల ఎత్తున, నిటారు బండ మీద పట్టు దొరకక బూట్లు విప్పేసి ఉత్త కాళ్లతో ఎక్కాడు. తన దళం కోసం ముందు నడిచి అక్కడే ఒరిగాడు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. జవాన్లు అతన్ని నింబూ సాబ్ అని పిలిచేవారట. నాకు ఆ పతకం కంటే ఆ ముద్దుపేరే ఎక్కువ గుర్తుంటుంది.

అతని రాష్ట్ర రాజధాని కొహిమాలో 1944లో బ్రిటిష్ ఇండియా సైన్యం, జపాను సైన్యం ఒక టెన్నిస్ కోర్టుకు అటూ ఇటూ నిలిచి పోరాడాయి. ఇప్పుడు అక్కడ 1,420 సమాధులున్నాయి. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికులకు వేరే స్మారకం ఉంది. ఆ ఊళ్లోనే ఒక కేథడ్రల్ (బిషప్పు గారి పెద్ద చర్చి) కట్టినప్పుడు, యుద్ధంలో పోయిన జపాను సైనికుల బంధువులు కూడా విరాళాలిచ్చారు. దాన్ని సమాధానపరచు కేథడ్రల్ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. “సమాధానపరచు పరిచర్య” అని అపొస్తలుడైన పౌలు రాసినది (2 కొరింథీ 5:18) నాకు అక్కడ కంటికి కనిపిస్తుంది.

ఆ తల్లి సంగతి మాత్రం మీరన్నది నిజం. ముందు ఆమె పక్కన కూర్చోవాలి, ఆమె కొడుకు పేరు పలకాలి. అవతలి తల్లి పేరు ఎత్తడానికి తొందర అక్కర్లేదు. కానీ ఎప్పటికీ ఎత్తకపోతే మేము అడిగేది సమాధానం అవదు, సగమే అవుతుంది.

మాస్టారికి ఒక ప్రశ్న. “తమ ఖడ్గములను నాగటి నక్కులుగాను” సాగగొట్టుదురు అని యెషయా 2:4లో ఉంది. ఖడ్గాన్ని పారవేయమనలేదు, కొలిమిలో కాల్చి, సుత్తితో సాగగొట్టి, అదే ఇనుముతో దున్నమన్నాడు. మా వైపు నక్కు అనే మాట వినపడదు, కర్రు అంటాం. మీ ఊరి కమ్మరి కొలిమి దగ్గర ఏమనేవారు?