కెర్నెల్ సమాచార లీకులు: ప్యాడింగ్ బైట్లలో బయటపడే చిరునామాలు

స్టాక్‌ఫ్రేమ్: నేను సమీక్షిస్తున్న ఒక లినక్స్ డ్రైవర్, ఐఓసీటీఎల్ పిలుపుకు (యూజర్ ప్రోగ్రామ్ డ్రైవర్‌కు పంపే ఆదేశానికి) జవాబుగా స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) మీద ఒక స్ట్రక్చర్‌ను సిద్ధం చేసి యూజర్ ప్రోగ్రామ్‌కు కాపీ చేస్తోంది. అందులో మొదట ఒక బైటు స్థితి సూచిక, తరువాత 64 బిట్ల కౌంటర్ ఉన్నాయి. రెండింటికీ విలువలు సక్రమంగానే ఇస్తున్నారు. అయినా హెక్స్ డంప్ తీసి చూస్తే ఆ రెండింటి నడుమ వరుసగా ఎఫ్‌ఎఫ్ బైట్లు కనిపిస్తున్నాయి. చదవడానికే తప్ప రాయడానికి వీలులేని లోపానికి అంత ప్రాధాన్యం ఎందుకని బృందంలో కొందరు అడుగుతున్నారు. ఏమని చెప్పాలి?

బిట్‌మాస్క్: ప్రాధాన్యం తప్పక ఇవ్వాలండి. కౌంటర్ 8 బైట్ల సరిహద్దు మీద మొదలు కావాలి కనుక కంపైలర్ నడుమ 7 బైట్లు ఖాళీగా వదిలేస్తుంది; దీన్నే ప్యాడింగ్ అంటారు. అంతకుముందు అదే స్టాక్ స్థలాన్ని వాడుకున్న ఫంక్షన్ విడిచిపెట్టిన పాయింటర్ (మెమరీ చిరునామా) అక్కడ అలాగే ఉండిపోతుంది. స్థితి సూచిక రాయడం వల్ల ఆ పాయింటర్‌లో చెరిగిపోయేది అట్టడుగు బైటు ఒక్కటే. ఎక్స్86-64లో కెర్నెల్ కోడ్ సాధారణంగా 2 మెగాబైట్ల మెట్ల మీదే జరుగుతుంది కాబట్టి, అడుగు 21 బిట్లు కేఏఎస్‌ఎల్‌ఆర్ (బూట్ అయిన ప్రతిసారీ కెర్నెల్ చిరునామాను యాదృచ్ఛికంగా మార్చే రక్షణ) వల్ల మారనే మారవు. అంటే చెరిగిపోయిన బైటుతో దాడి చేసేవాడికి పనే లేదు. అది ఏ ఫంక్షన్‌కు చెందిన చిరునామానో గుర్తుపడితే చాలు, కెర్నెల్ ఎక్కడ మొదలవుతోందో తీసివేతతో తేలిపోతుంది. రాయడానికి వీలిచ్చే మరో లోపాన్ని గురి చూసి వాడుకోవడానికి దారి ఇక్కడే పడుతుంది.

మెమరీగార్డ్: బిట్‌మాస్క్ గారి వివరణకు ఒక చేర్పు. డిక్లరేషన్ దగ్గరే సున్నాతో ఇనిషియలైజ్ చేస్తే సరిపోతుందని చాలామంది భావిస్తారు గానీ, సీ ప్రమాణాలు అన్ని సందర్భాల్లోనూ ప్యాడింగ్ సున్నా అవుతుందని హామీ ఇవ్వవు. ముందుగా మెమ్‌సెట్‌తో స్ట్రక్చర్ మొత్తాన్ని తుడిచి, ఆ తరువాతే ఫీల్డులు నింపాలి. హీప్ (అడిగినప్పుడు కేటాయించే మెమరీ) విషయంలో కేమాలక్ బదులు, కేటాయించిన చోటును సున్నా చేసి ఇచ్చే కేజడాలక్ వాడాలి. లినక్స్ 5.3 వెర్షన్‌లో వచ్చిన ఇనిట్_ఆన్_అలాక్ బూట్ ఐచ్ఛికం హీప్ కేటాయింపులను సున్నా చేస్తుంది; మీ సమస్య స్టాక్‌ది కనుక దానికి ఇది ఉపకరించదు.

లాగ్‌రీడర్: నాకు ఎదురైన లీకుల్లో ఎక్కువ భాగం డీబగ్ సందేశాల నుంచే వచ్చాయి. 4.15 వెర్షన్ నుంచి కెర్నెల్ సందేశాలు ముద్రించే ప్రింట్‌కేలో శాతం-పీ (%p) అసలు చిరునామాకు బదులు దాని హ్యాష్‌ను (అసలు విలువను దాచే మారు సంఖ్యను) ముద్రిస్తోంది. అసలు చిరునామా చూపే శాతం-పీఎక్స్‌ను పరీక్షల కోసం పెట్టి తీయకుండా వదిలేస్తే ఆ రక్షణ అంతా వృథా. సమీక్షలో నేను మొదట వెతికేది దాన్నే.

స్టాక్‌ఫ్రేమ్: మెమ్‌సెట్ చేర్చాక ఆ 7 బైట్లూ సున్నాలుగా వస్తున్నాయి. అందరికీ ధన్యవాదాలు. ఇలాంటివి డ్రైవర్‌లో ఇంకెక్కడ ఉన్నాయో కంటితో వెతకడం కష్టంగా ఉంది.

మెమరీగార్డ్: 6.1 వెర్షన్‌లో చేరిన కేఎంశాన్‌తో (విలువ ఇవ్వని మెమరీ వాడకాన్ని పట్టుకునే సాధనంతో) కెర్నెల్‌ను బిల్డ్ చేయండి. దానికి క్లాంగ్ కంపైలర్ అవసరం. విలువ ఇవ్వని బైటు యూజర్ మెమరీకి కాపీ అయ్యే క్షణంలోనే అది పట్టుకుని, ఆ బైటు ఎక్కడ పుట్టిందో కూడా చూపిస్తుంది. చాలా నెమ్మదిగా నడుస్తుంది కనుక పరీక్షా యంత్రాలకే పరిమితం చేయాలి. పైగా నడిచిన దారుల్లోని లోపాలే దానికి దొరుకుతాయి కాబట్టి, సిజ్‌కాలర్ వంటి ఫజర్‌ను (రకరకాల ఇన్‌పుట్లను తానే పుట్టించి పరీక్షించే సాధనాన్ని) జోడించి ఆ డ్రైవర్‌లోని ఐఓసీటీఎల్ పిలుపులన్నింటినీ, ముఖ్యంగా విఫలమై మధ్యలోనే వెనుదిరిగే దారులను, నడిపించి చూడండి.