డబ్లిన్ దగ్గర పెద్దవాళ్లు నడవగల అడవి దారులు

ప్రశ్న: వేసవిలో మా అమ్మానాన్నలు డబ్లిన్ వస్తున్నారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నందున, కొండ ఎక్కకుండా చెట్ల నీడన నడుస్తూ పురాతన కట్టడాలు కూడా చూడగల చోటు ఏదైనా సూచించగలరా?

మొదటి జవాబు: విక్లో కౌంటీలోని గ్లెండలాక్ చూపించండి. ఆరవ శతాబ్దంలో సెయింట్ కెవిన్ స్థాపించిన మఠం శిథిలాలనూ, సుమారు 30 మీటర్ల గుండ్రని గోపురాన్నీ చూసుకొని గ్రీన్ రోడ్ పట్టుకుంటే, ఓక్ చెట్ల మధ్య దాదాపు చదునుగా సాగే ఆ దారి పై సరస్సు వైపు తీసుకువెళ్తుంది. మొత్తం నడక 3 కిలోమీటర్లే. సెలవు రోజుల్లో కారు నిలపడానికి చోటు దొరకదు కాబట్టి పొద్దున్నే చేరుకోండి.

రెండవ జవాబు: సుమారు క్రీ.పూ. 3200 నాటి న్యూగ్రేంజ్ సమాధి, దానికి చేరువలోని టౌన్లీ హాల్ అడవి కూడా బాగుంటాయి. అయితే సమాధి లోపలి ఇరుకు దారిలో వంగి నడవవలసి ఉంటుంది. నాన్నగారిని బయటి నుంచే చూడమనడం మేలని నా అభిప్రాయం.

మూడవ జవాబు: వేసవి అయినా వాన కోటు మరువకండి.