మే ఎండల్లో గండికోట, బెలూం, లేపాక్షి: ఏ వరుసలో వెళ్తే మంచిది?

మాది కర్నూలు. పెళ్లయి 12 ఏళ్లయినా నేనూ మా ఆయనా ఇద్దరమే ఎక్కడికీ వెళ్లలేదు. ఈసారి పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి, మే రెండో వారంలో కారులో 4 రోజులు తిరగాలనుకుంటున్నాం.

ఓర్వకల్లు రాక్ గార్డెన్, యాగంటి, బెలూం గుహలు, గండికోట, తిమ్మమ్మ మర్రిమాను, లేపాక్షి. ఈ వరుస సరేనా? తిరుగు ప్రయాణం అనంతపురం మీదుగా.

నా టెన్షన్ అంతా ఎండ గురించే. మా ఆయనకి బీపీ ఉంది. బెలూంలో సందర్శకులు నడవగలిగేది దాదాపు కిలోమీటరున్నర, లోపల ఉక్కపోత. పొద్దున్నే తెరవగానే వెళ్తే కాస్త నయమా? మధ్యలో ఆయాసం వస్తే త్వరగా బయటికి రావచ్చా?

గండికోటలో పెన్నా లోయ మీద సూర్యోదయం చూడాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక. దానికి రాత్రి కోట దగ్గరే ఉండాలా, జమ్మలమడుగులో బస చేసి తెల్లవారుజామున బయల్దేరితే అందుతుందా? వేసవిలో అక్కడ టెంట్‌లో పడుకోగలమా?

మర్రిమాను నుంచి లేపాక్షికి కదిరి, హిందూపురం మీదుగా రోడ్డు ఎలా ఉందో ఈమధ్య వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి. దారిలో శుభ్రమైన భోజనం దొరికే చోటు తెలిస్తే అదీ రాయండి.