వర్క్ ఫ్రం హోంల మనల్ని ఒంటరి జేసింది ఫోనేనా?

హన్మకొండ పోరడు:
కరోనా టైంల ఇంటికాన్నుంచి పనిజేసినోళ్లు జెప్పుండ్రి. నా లెక్కల మనల్ని ఆగం జేసింది ఫోనే. 2020 మార్చిల రెండు వారాలే గదా అని ల్యాప్‌టాప్ వట్టుకొని నయీంనగర్ ఇంటికొచ్చిన, రెండేండ్లయింది. కింద అమ్మ, బాపు, నాయినమ్మ, మీది అర్రల నేను. అమ్మ చాయ్ వెట్టి పోయేది, ఒక చెవిల మీటింగ్, చేతిల రీల్స్, సూసేసరికి చాయ్ మీద మీగడ గట్టేది. ఆఫీసు యాప్ టీమ్స్‌ల పనిల ఉన్నట్టు సూపే ఆకుపచ్చ చుక్క పసుపు గాకుండ మౌసు కదుపుడు, మళ్ల ఫోను. రాత్రి ఒంటిగంటకు యాదికొచ్చేది, పొద్దటి సంది ఒక్కలతోని గూడ నిండుగ మాట్లాడలే.

కాజీపేట బండి:
తమ్మీ ఏమనుకోకు, అమ్మ చాయ్ దెచ్చిచ్చినోనికి ఒంటరితనం ఏం దెల్సు. నేను కూకట్‌పల్లి హాస్టల్ల ఇరుక్కున్న. జనతా కర్ఫ్యూ నాడు చప్పట్లు కొట్టినం, రెండు దినాలకే దేశమంత బంద్. హాస్టల్ ఖాళీ జేయమన్నరు, పోలీస్ స్టేషన్ల పాసులిస్తున్నరంటె లైన్ల నిలవడ్డ, నా వంతొచ్చేసరికి ఇచ్చుడు ఆపిండ్రు. రైలు లేదు బస్సు లేదు. రూంల నాలుగు మంచాలు, నేనొక్కన్ని. రోజు రాత్రి దోస్తులతోని ఫోన్ల లూడో, ఆటకంటె తిట్టుకునుడే ఎక్కువ. అది లేకుంటె పిచ్చిలేసేది.

సుబేదారి అక్క:
మీకు ఒంటరిగ కూసునే టైమన్న దొరికింది. 2021 మేల మళ్ల లాక్‌డౌన్, పొద్దుగాల ఆరు నుంచి పదింటి దాకనే బయటికి, ఆ నాలుగ్గంటలల్లనే పాలు, కూరగాయలు, అత్తమ్మ మందులు, పదింటికి ఆఫీస్ కాల్, పక్కనే బిడ్డ ఆన్‌లైన్ క్లాసు. బాత్రూంల గొళ్లెం వెట్టుకొని పది నిమిషాలు ఫోన్ల ఎవలో వంట జేస్తుంటె సూసేదాన్ని, నా రెస్టు గంతే. ఫోన్‌ను తిట్ట గని, 2020 బతుకమ్మ మాత్రం మర్వ. వాకిట్ల నేను, వీడియో కాల్ల అక్కచెల్లెండ్లు, ఒక్కొక్కల చప్పట్లు ఒక్కో తీరు ఆలస్యంగ వచ్చేటియి, పాటకు కలిస్తె ఒట్టు.

హన్మకొండ పోరడు:
అన్నా, లూడోను నేనేమన. నేను ఎవలతోని ఆడలే గద, ఊకె వేలుతోని మీదికి గుంజుడే. 2020 ఆగస్టు వానలకు మా గల్లీల మోకాళ్ల దాక నీళ్లొస్తె ఇంటోళ్లంత నా అర్రలకే ఎక్కిండ్రు. కరెంటు లేదు, నెట్టు లేదు. నాయినమ్మ తెల్లార్లు ముచ్చట్లే, ఆమె అంత నవ్వుతదని నాకు అప్పుడే తెల్సింది. నెట్టొచ్చినంక మళ్ల మామూలే.

కాజీపేట బండి:
అంటె ముసలామె మెట్లెక్కాలె గని నువ్వు దిగవాయె. మళ్ల ఫోన్ మీద వెడ్తున్నవ్.