బీఎడ్ రికార్డులో "నా విద్యా దృక్పథం" ఏం రాయాలి? అందరిదీ ఒకేలా ఉంది

కోనసీమ అమ్మాయి:
అందరికీ నమస్తే అండి. బీఎడ్ రెండో ఏడాది, లెక్కల మెథడ్. ఇంటర్న్‌షిప్‌కి అమలాపురం దగ్గర ఒక హైస్కూల్లో ఎనిమిదో తరగతి ఇచ్చారు. రికార్డులో "నా విద్యా దృక్పథం" అని రెండు పేజీలు రాయాలి. సీనియర్ల రికార్డులు తిరగేస్తే అన్నిట్లోనూ అదే వరస, మొదట వివేకానందుడు, తర్వాత గాంధీగారి నయీ తాలీం (చేతిపని ద్వారా చదువు), ఆపైన అమెరికా విద్యావేత్త డ్యూయీ, చివర్లో సర్వతోముఖాభివృద్ధి. నేనూ దించేస్తే మార్కులు వస్తాయి, తెలుసు.

కానీ నా క్లాసులో ఒకబ్బాయి ఉన్నాడు. వాళ్ల నాన్న కొబ్బరి దింపు పనికి వెళ్తారు, సెలవుల్లో వీడూ వెళ్లి రాశి దగ్గర కాయలు లెక్కపెడతాడు. "వెయ్యి కాయలు 12,000 అయితే రెండొందల యాభైకి ఎంతరా" అంటే అడగడం పూర్తయ్యేలోపే మూడు వేలండి అనేశాడు. అదే లెక్క బోర్డు మీద 1000 : 250 = 12000 : ఎక్స్ అని రాసి పిలిస్తే సుద్దముక్క పట్టుకుని అలా నిలబడిపోయాడు, వెనక బెంచీ వాళ్లు నవ్వారు. ఇది నా రెండు పేజీల్లో ఎక్కడ పెట్టాలి, అసలు పెట్టొచ్చా? వైవాలో, అంటే నోటి పరీక్షలో, అడుగుతారేమోనని టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ హెచ్ఎం, రాజమండ్రి:
ఆ కుర్రాడితోనే మొదలుపెట్టమ్మా. పెద్దల పేర్లు తర్వాత రావచ్చు. 1937లో వార్ధాలో గాంధీగారు చెప్పింది చేతిపని చుట్టూ చదువు నడపమనే కదా, ఆ ఉదాహరణ నీ ఎదురుగా బెంచీ మీద కూర్చుంటే దాన్ని వదిలేసి గైడులోంచి పేరా దించడం ఎందుకు?

అలాగని కాయల దగ్గరే ఆగిపోకు. "వాడికి ఈ లెక్కలు చాల్లే" అనుకున్నావంటే వాణ్ణి ఆ రాశి దగ్గరే కూర్చోబెట్టేసినట్టు. వాడికి ఎక్స్ కూడా కావాలి, పదో తరగతి పేపర్లో అదే వస్తుంది. ముందు వాడు నోటితో ఎలా చేశాడో చెప్పించు. వెయ్యిలో నాలుగో వంతు అన్నాడా, వందకి పన్నెండొందలని కూడుకుంటూ వచ్చాడా? దాన్ని వాడి మాటల్లోనే బోర్డు మీద రాయి, ఎక్స్ ఆ తర్వాత. పిల్లాడు ఒంటరిగా చేయగలిగినదానికీ, తెలిసినవాళ్లు కాస్త సాయం పడితే చేయగలిగినదానికీ మధ్య ఉన్న జాగా గురించే రష్యా మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ చెప్పాడు. వైవాలో ఎవరి సిద్ధాంతం అంటే ఆయన పేరు చెప్పు, సరిపోతుంది.

లంక బడి టీచర్:
మాది పి.గన్నవరం వైపు లంక బడి. వరదొస్తే కాజ్‌వే మునుగుతుంది, ఇక పడవే గతి, సగం మంది రారు. అందుకని నా దృక్పథంలో మొదటి మాట ఇది: వరదకి రాని పిల్లలకి పోయిన పాఠం మళ్లీ చెప్పకుండా ముందుకి పోను. మరీ చిన్న మాటలా ఉందని నవ్వుకునేరు, విద్యాహక్కు చట్టం 2009లో సెక్షన్ 24 కూడా ఒక్కో పిల్లాడి స్థాయి చూసుకుని, అవసరమైతే అదనంగా చెప్పాలనే అంటుంది.

ఇంకోటి చెప్తా. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా పిల్లలకి ఎక్కాలు రాకపోయినా ఇవి కంఠతా వచ్చు. ఒకసారి బోర్డు మీద రాశా, పొద్దున్న ఆరింటికి 11.75 ఉంది, గంటకి 0.2 అడుగు పెరుగుతోంది, రెండో హెచ్చరిక ఎప్పుడు? రెండడుగులు, పది గంటలు, సాయంత్రం నాలుగు. చకచకా చెప్పేశారు. ఒక పిల్ల మాత్రం చెయ్యెత్తి, "అలా ఒకే తీరున పెరగదండి, ఎగువన భద్రాచలంలో నిన్ననే తగ్గుతోందంట, ఇక్కడా నెమ్మదిస్తుంది" అంది. ఆయ్, లెక్కలో లోపం పట్టేసింది! అలాంటి ప్రశ్న అడిగే ధైర్యం క్లాసులో ఉండాలి, నేను చేసేదంతా దానికోసమే. అదే రాయండి.

పాలకొల్లు నుంచి ఒక అమ్మ:
నేను టీచర్ని కాదండి, ఇద్దరు పిల్లల తల్లిని. మీరు పేజీల్లో ఏం రాస్తారో నాకు తెలీదు గానీ ఒకటి అడగాలి. వెనక బెంచీ వాళ్లు నవ్వారు అని రాసి వదిలేశారు. అప్పుడు మీరేం చేశారు? మా పెద్దాడు చిన్నప్పుడు ఇలాగే బోర్డు దగ్గర నవ్వులపాలయ్యాడు, ఆ తర్వాత లెక్కల పీరియడ్ రోజు కడుపునొప్పి అనేవాడు. కొట్టలేదు, తిట్టలేదు, ఆ సారు చూస్తూ ఊరుకున్నారంతే.

కోనసీమ అమ్మాయి:
మంచి ప్రశ్న అండి. నవ్వినవాళ్లలో ఒకణ్ణి లేపి, రాయకుండా నోటితో చెప్పమన్నాను, కాసేపు నసిగి కూర్చున్నాడు. నవ్వులైతే ఆగాయి. కానీ ఇప్పుడు వాణ్ణీ అలాగే నిలబెట్టినట్టు అయిందా అని డౌట్.

రిటైర్డ్ హెచ్ఎం, రాజమండ్రి:
అయింది. అదే విద్యాహక్కు చట్టంలో సెక్షన్ 17 కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా వద్దంటుంది. నువ్వు చేసింది అంతదూరం పోలేదులే, కానీ అలవాటైతే అటే పోతుంది. రేపు ఆ ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టు, ఒకడు నోటితో చెప్పాలి, రెండోవాడు రాయాలి, మర్నాడు తిరగెయ్యాలి. వారం చూసి ఏం జరిగిందో రాయి, రెండో పేజీ దాంతోనే నిండుతుంది. రికార్డు ఎప్పటికి ఇవ్వాలమ్మా?