అప్‌డేట్: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో విశాఖ కొండలు చూసొచ్చాం

మెట్లు ఎక్కలేని అమ్మకి విశాఖలో కొండ మీది నుంచి సముద్రం చూపించాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి అని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. వెళ్లొచ్చాం.

కైలాసగిరి పైదాకా కారు వెళ్తుంది కాబట్టి టెన్షన్ లేకపోయింది. శివపార్వతుల విగ్రహాల దగ్గర జనం ఎక్కువే. టాయ్ ట్రైన్‌లో ఒక చుట్టు తిరిగాం. కూర్చున్న చోటు నుంచే తీరం కనిపించడంతో అమ్మకి హాయిగా అనిపించింది.

అసలు మనసు నిలిచిపోయింది మాత్రం తొట్లకొండ దగ్గర. భీమిలి రోడ్డులో ఉంది, పైకి ఘాట్ రోడ్డు. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారాల పునాదులు, స్తూపాలు, వాన నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లు. ఆ తొట్ల వల్లే కొండకి ఆ పేరు. అమ్మ ఒక తొట్టి పక్కన నిలబడి, "ఇంత ఎత్తున నీళ్లు ఎలా దాచుకున్నార్రా!" అని చాలాసేపు చూసింది. కింద సముద్రంలో పడవలు చుక్కల్లా ఉన్నాయి. నీడ తక్కువ, పొద్దున్నే వెళ్లండి. నీళ్లు, గొడుగు తప్పనిసరి.

యారాడ వైపు ఘాట్ రోడ్డులో ఒక మలుపు తిరగ్గానే బీచ్ మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది. అక్కడ అమ్మ కారు ఆపమంది. డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్‌కి వేళ కుదరలేదు. సింహాచలం ఈసారి దర్శనం వరకే.

సంక్రాంతికి చెల్లి వస్తోంది. తొట్లకొండకి మళ్లీ వెళ్దామని అమ్మ ఇప్పుడే చెప్పేసింది.